బ్లడ్ క్యాన్సర్‌ను కట్టడి చేసిన మాత్ర: ఇమాటినిబ్ ఎలా పుట్టింది? మధ్యలో మానేస్తే ఏమవుతుంది?

పాత సినిమాల్లో బ్లడ్ క్యాన్సర్ అంటే ఒకటే సీన్. డాక్టర్ కళ్లజోడు తీసి తల దించుకుంటాడు. క్లైమాక్స్‌కి హీరోనో హీరోయినో ఉండరు. కానీ బ్లడ్ క్యాన్సర్లలో ఒక రకానికి సంబంధించి ఈ కథ ఎప్పుడో మారిపోయింది. ఆ జబ్బు ఉన్నవాళ్లలో చాలామంది ఇప్పుడు రోజూ మాత్ర వేసుకుని ఉద్యోగాలకు వెళ్తున్నారు. పిల్లల్ని చదివించుకుంటున్నారు, పెళ్లిళ్లు చేస్తున్నారు. ఆ జబ్బు పేరు క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, షార్ట్‌గా సీఎంఎల్. ఆ కథను మార్చిన మాత్ర పేరు ఇమాటినిబ్.

అసలు ఈ మాత్ర ఎలా పుట్టింది? శరీరంలో అంత పెద్ద వ్యవస్థ ఉండగా సరిగ్గా జబ్బునే ఎలా పట్టుకుంటుంది? మన దేశంలో లక్షల్లో ఉన్న ఖర్చు వేలల్లోకి ఎలా దిగింది? అన్నిటికంటే ముఖ్యంగా, 'ఇప్పుడు బాగానే ఉన్నాను కదా' అని మాత్ర మానేస్తే ఏమవుతుంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఏంటీ సీఎంఎల్?

మన రక్తకణాలు ఎముకల్లోని మూలుగలో, అంటే బోన్ మ్యారోలో తయారవుతాయి. ఎన్ని కావాలో అన్నే తయారవ్వాలి. సీఎంఎల్‌లో ఈ లెక్క తప్పుతుంది. తెల్లరక్తకణాలు ఆగకుండా పెరిగిపోతూనే ఉంటాయి.

మొదట్లో పెద్దగా ఇబ్బంది అనిపించదు. నీరసం, బరువు తగ్గడం, ప్లీహం వాయడం వల్ల పొట్ట ఎడమ పక్కన బరువుగా ఉండటం లాంటివి కనిపించొచ్చు. కొంతమందికి ఏ లక్షణమూ ఉండదు. వేరే పనిమీద చేయించుకున్న బ్లడ్ టెస్టులో బయటపడుతుంది. అయితే చికిత్స లేకపోతే కొన్నేళ్లలోనే జబ్బు ముదిరి, ప్రాణాంతకమైన దశకు చేరుతుంది.

దీని మూలం ఎక్కడుందో తెలిపిన మొదటి ఆధారం 1960లో దొరికింది. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫోర్డ్ అనే ఇద్దరు సీఎంఎల్ రోగుల కణాల్లో ఒక క్రోమోజోమ్ ఉండాల్సినదానికంటే చిన్నగా ఉందని గమనించారు. దానికి ఆ ఊరి పేరే స్థిరపడింది. ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ అంటారు.

మరి ఆ ముక్క ఎటు పోయింది? 1973లో షికాగోలో జానెట్ రౌలీ అనే శాస్త్రవేత్త దీనికి జవాబు కనిపెట్టారు. 9వ నంబర్ క్రోమోజోమ్ ముక్క 22వ దానికి, 22వ దాని ముక్క 9వ దానికి అతుక్కుంటోందని ఆమె చూపించారు. రెండు పుస్తకాల్లో పేజీలు చిరిగి, ఒకదానివి ఇంకోదాంట్లో అంటుకున్నట్టు అన్నమాట. ఇది తల్లిదండ్రుల నుంచి వచ్చేది కాదు. పుట్టాక, బోన్ మ్యారోలోని ఒక కణంలో జరిగే పొరపాటు.

స్విచ్ ఆన్ అయితే.. ఆఫ్ అవ్వదు!

ఇలా రెండు ముక్కలు కలిసిన చోట ఒక కొత్త జన్యువు తయారవుతుంది. దాని పేరు బీసీఆర్-ఏబీఎల్. ఇందులో ఏబీఎల్ అనేది మామూలుగా మనందరిలో ఉండే ప్రొటీనే. కైనేజ్ అనే రకానికి చెందింది. దీన్ని ఒక స్విచ్ అనుకోండి. అవసరమైనప్పుడు ఆన్ అవుతుంది, పని అయిపోగానే ఆఫ్ అవుతుంది.

బీసీఆర్‌తో కలిశాక మాత్రం ఆ స్విచ్ ఆన్‌లోనే ఇరుక్కుపోతుంది. 'పెరగండి, పెరగండి' అని తెల్లకణాలకు రాత్రీ పగలూ ఆర్డర్లు వెళ్తూనే ఉంటాయి.

ఈ స్విచ్ పనిచేయాలంటే ఇంధనం కావాలి. ఆ ఇంధనం ఏటీపీ అనే చిన్న అణువు. ప్రొటీన్‌లో ఒక చిన్న గుంత లాంటి జాగా ఉంటుంది. ఏటీపీ వచ్చి అందులో కూర్చుంటుంది. దాని నుంచి ఫాస్ఫేట్ తీసి పక్క ప్రొటీన్లకు తగిలించడమే కైనేజ్ చేసే పని.

అంటే ఏటీపీ రాకముందే ఆ గుంతలో ఇంకేదైనా కూర్చుంటే? స్విచ్ పనిచేయదు. వినడానికి సింపుల్‌గానే ఉంది. చేయడమే కష్టం.

స్మాల్ మాలిక్యూల్ అంటే ఎంత చిన్నది?

మందుల్లో రెండు పెద్ద రకాలు ఉన్నాయి. ఒకటి యాంటీబాడీల్లాంటి పెద్ద అణువులు. రెండోది స్మాల్ మాలిక్యూల్స్, అంటే చిన్న అణువులు. అణువుల బరువును డాల్టన్లలో కొలుస్తారు. మన ఇంట్లో ఉండే పారాసెటమాల్ బరువు 151 డాల్టన్లు. ఇమాటినిబ్ దాదాపు 494. అదే ఒక యాంటీబాడీ అయితే దాదాపు లక్షా 50 వేలు!

ఈ సైజ్ వల్ల తేడా ఏంటంటే, యాంటీబాడీని మింగితే కడుపులోనే అరిగిపోతుంది. అందుకే ఇంజెక్షన్‌గా ఇస్తారు. పైగా అది కణం లోపలికి తేలిగ్గా పోలేదు. చిన్న అణువు మాత్రం పేగుల నుంచి రక్తంలోకి, రక్తం నుంచి కణంలోకి దూరిపోగలదు. బీసీఆర్-ఏబీఎల్ ఉండేది కణం లోపలే. కాబట్టి ఇక్కడ పని జరగాలంటే చిన్న అణువే కావాలి.

లుకేమియా మీద చిన్న అణువుల పోరాటానికి మన తెలుగు నేలతోనూ సంబంధం ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ల్యాబ్స్‌లో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆయన టీమ్ తయారు చేసిన అమినోప్టెరిన్‌తోనే డాక్టర్ సిడ్నీ ఫార్బర్ పిల్లల్లో లుకేమియాను తాత్కాలికంగానైనా వెనక్కి నెట్టగలిగారు. ఆ ఫలితాలు 1948లో వచ్చాయి. దాని తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్‌ను డాక్టర్లు ఇప్పటికీ వాడుతున్నారు.

కాకపోతే ఆ మందులు వేగంగా విభజన చెందే ప్రతి కణాన్నీ దెబ్బతీస్తాయి. అందుకే కీమో అంటే జుట్టు రాలడం, నోట్లో పుండ్లు. ఇమాటినిబ్ దారి వేరు. జబ్బుకు కారణమైన ప్రొటీన్‌కు గురిపెట్టి డిజైన్ చేసిన మందు ఇది.

నాలుగు మార్పులు.. ఒక మందు

మన శరీరంలో కైనేజ్‌లు 500కి పైగా ఉన్నాయి. అన్నీ వాడేది ఆ ఏటీపీనే. అన్నిటిలోని గుంతలూ దాదాపు ఒకేలా ఉంటాయి. ఒకదాన్ని ఆపబోతే అన్నీ ఆగిపోతాయేమో, అప్పుడు మందు కాస్తా విషం అవుతుందేమో అని అప్పట్లో చాలామంది నిపుణులు అనుమానించారు.

అయినా స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో సీబా-గైగీ అనే కంపెనీలో ఒక టీమ్ పనిలోకి దిగింది. అందులో ముఖ్యులు నికొలస్ లైడన్, కెమిస్ట్ యుర్గ్ జిమ్మర్‌మన్. వాళ్లకు మొదట దొరికిన అణువు గొప్పదేమీ కాదు. అది పీకేసీ అనే వేరే కైనేజ్‌ను ఆపుతోంది. అంటే గురి తప్పిన బాణం. టైలర్ దగ్గర చొక్కాకు ఫిట్టింగ్ చేసినట్టు ఆ అణువును కొంచెం కొంచెంగా మారుస్తూ వచ్చారు.

మొదటి మార్పు: అణువుకు ఒక చివర పిరిడిన్ అనే రింగ్ తగిలించారు. కణాల్లో దాని పనితీరు పెరిగింది.

రెండో మార్పు: అమైడ్ అనే గ్రూప్ చేర్చారు. దాంతో ఏబీఎల్ లాంటి టైరోసిన్ కైనేజ్‌లను కూడా ఆపడం మొదలుపెట్టింది. కానీ పీకేసీని ఆపడం మానలేదు.

మూడో మార్పు అసలైన మలుపు. ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు ఉండే మెథైల్ అనే బుల్లి గ్రూప్‌ను ఒక మూల పెట్టారు. అంతే! అణువు మెలి తిరిగే తీరు మారిపోయింది. పీకేసీ గుంతలో పట్టడం మానేసింది. ఏబీఎల్ మీద పట్టు మాత్రం అలాగే ఉంది.

నాలుగో మార్పు: ఇంతా చేస్తే ఆ అణువు నీళ్లలో సరిగ్గా కరగలేదు. కరగని మందు మాత్రగా పనికిరాదు. అప్పుడు పిపరజిన్ అనే గ్రూప్ జోడించారు. కరిగింది. నోటి ద్వారా ఇస్తే రక్తంలోకి చేరింది.

ఇలా ఒక్కో పరమాణువు గుంపును మార్చి, మళ్లీ టెస్ట్ చేసి, మళ్లీ మార్చే పనినే మెడిసినల్ కెమిస్ట్రీ అంటారు. మందుల కంపెనీల ల్యాబుల్లో ఏళ్ల తరబడి జరిగేది ఇదే.

54 మందిలో 53 మంది

తయారైన అణువులు అమెరికాలో డాక్టర్ బ్రయాన్ డ్రూకర్ దగ్గరకు చేరాయి. ఆయన ఒరెగాన్‌లో సీఎంఎల్ మీద పనిచేస్తున్నారు. ఎస్‌టీఐ571 అనే కోడ్ పేరున్న అణువు ల్యాబ్‌లో సీఎంఎల్ కణాలను చంపేస్తోందని, మామూలు కణాలను పెద్దగా ముట్టుకోవడం లేదని తేలింది. 1996లో ఈ ఫలితాలు బయటకొచ్చాయి. అదే ఏడాది సీబా-గైగీ, సాండోజ్ కలిసి నోవార్టిస్‌గా మారాయి.

మరి వెంటనే మనుషుల మీద పరీక్షించారా? లేదు. సీఎంఎల్ రోగులు తక్కువ. అంత ఖర్చు పెట్టి మందు తెస్తే గిట్టుబాటు అవుతుందా అనే సందేహం కంపెనీలో ఉండేది. డ్రూకర్ పట్టు వదల్లేదు. చివరకు 1998 జూన్‌లో మొదటి రోగికి మందు ఇచ్చారు.

అప్పటిదాకా వాడే ఇంటర్‌ఫెరాన్ పనిచేయని రోగులు ఈ ట్రయల్‌లో ఉన్నారు. రోజుకు 300 మిల్లీగ్రాములు, అంతకంటే ఎక్కువ తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క మామూలు స్థితికి వచ్చింది. క్యాన్సర్ మందుల చరిత్రలో ఇలాంటి ఫలితం చాలా అరుదు. 2001 మే 10న అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. గ్లీవెక్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది.

తర్వాత జరిగిన పెద్ద ట్రయల్‌లో ఇమాటినిబ్‌తో చికిత్స మొదలుపెట్టినవాళ్లలో దాదాపు 83 శాతం మంది పదేళ్ల తర్వాత కూడా బతికే ఉన్నారు. 2009లో డ్రూకర్, లైడన్‌తో పాటు చార్లెస్ సాయర్స్‌కు లాస్కర్ అవార్డు దక్కింది.

జబ్బు కూడా తెలివి చూపిస్తుంది

సాయర్స్ పేరు ఎందుకొచ్చింది? కొంతమందిలో మందు మొదట బాగా పనిచేసి, తర్వాత ఆగిపోయేది. ఎందుకో కనిపెట్టిన వాళ్లలో ఆయన ముఖ్యులు.

కారణం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఆ ప్రొటీన్‌లో 315వ స్థానంలో థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లం ఉండాలి. కొన్ని క్యాన్సర్ కణాల్లో దాని బదులు ఐసోల్యూసిన్ వచ్చి కూర్చుంటుంది. ఇది కాస్త లావు. దాంతో ఇమాటినిబ్‌కు గుంతలో జాగా చాలదు. పట్టుకోవడానికి ఉన్న ఒక బంధం కూడా పోతుంది. ఈ మార్పునే టీ315ఐ అంటారు. డాసాటినిబ్, నిలోటినిబ్ అనే తర్వాతి తరం మందులు వేరే చాలా మార్పులను తట్టుకున్నాయి. కానీ టీ315ఐ దగ్గర అవి కూడా చేతులెత్తేశాయి.

కెమిస్టులు మళ్లీ బల్ల దగ్గర కూర్చున్నారు. లావుగా ఉన్న ఆ ఐసోల్యూసిన్ పక్క నుంచి సన్నగా జారిపోయే అణువు కావాలి. రెండు కార్బన్ల మధ్య ట్రిపుల్ బాండ్ పెడితే అణువు ఆ చోట పుల్లలా సన్నగా, నిటారుగా ఉంటుంది. అలా వచ్చిందే పొనాటినిబ్. 2012 చివర్లో అనుమతి దొరికింది. అయితే రక్తనాళాల్లో గడ్డలు కట్టే ప్రమాదం కనిపించడంతో 2013లో అమెరికాలో కొన్నాళ్లు అమ్మకం ఆపేశారు. తర్వాత గట్టి హెచ్చరికలతో తిరిగి వచ్చింది. బలమైన మందు అయినంత మాత్రాన అందరికీ మంచిది కాదని ఇక్కడ తేలింది.

2021లో వచ్చిన అసిమినిబ్ అయితే అసలు రూటే మార్చింది. మామూలు ఏబీఎల్ ప్రొటీన్‌కు తనను తాను ఆఫ్ చేసుకునే ఏర్పాటు ఉంటుంది. దాని తోక లాంటి భాగం వెనక్కి తిరిగి, ఇంకో గుంతలో దూరితే స్విచ్ ఆగుతుంది. బీసీఆర్‌తో అతుక్కున్నప్పుడు ఆ తోక పోతుంది. అసిమినిబ్ సరిగ్గా ఆ ఖాళీ గుంతలోకి వెళ్లి తోక చేసే పని తాను చేస్తుంది. ఏటీపీ గుంత జోలికే పోదు.

మాత్ర మధ్యలో మానేస్తే?

ఇదే అసలు పాయింట్. ఇమాటినిబ్ సీఎంఎల్‌ను కడిగి పారేయదు. స్విచ్‌ను నొక్కి పట్టుకుంటుంది అంతే. చాలామందిలో కొన్ని మూల కణాలు మూలుగలో దాక్కునే ఉంటాయి. వేలు తీస్తే స్విచ్ మళ్లీ ఆన్ అవ్వొచ్చు.

లండన్‌లో 87 మంది రోగుల మీద జరిగిన అధ్యయనం 2010లో వచ్చింది. మాత్ర సీసా మూతలో చిన్న ఎలక్ట్రానిక్ చిప్ పెట్టి, ఎన్నిసార్లు తెరిచారో లెక్కపెట్టారు. వేసుకోవాల్సిన మాత్రల్లో 90 శాతం కంటే ఎక్కువ వేసుకున్నవాళ్లలో, ఆరేళ్లకు జబ్బు చాలా కింది స్థాయికి పడిపోయే అవకాశం దాదాపు 94 శాతం. 90 శాతం, అంతకంటే తక్కువ వేసుకున్నవాళ్లలో అది 28 శాతమే!

90 శాతం అంటే ఎంతో తెలుసా? నెలకు మూడు రోజులు మర్చిపోవడం. ఊరెళ్లినప్పుడు ఒకరోజు, పెళ్లి హడావుడిలో ఒకరోజు, మాత్రలు అయిపోయి తెచ్చుకోవడం ఆలస్యమై ఇంకోరోజు. అంతే, మూడు అయిపోయాయి.

మరి జీవితాంతం వేసుకోవాల్సిందేనా? అందరికీ కాదు. కనీసం రెండేళ్ల పాటు టెస్టుల్లో జబ్బు జాడే కనిపించని 100 మందికి ఫ్రాన్స్‌లో మందు ఆపి చూశారు. ఏడాది తర్వాత దాదాపు 40 శాతం మందిలో జబ్బు తిరిగి రాలేదు. తిరిగి వచ్చినవాళ్లకు మళ్లీ మందు మొదలుపెడితే పనిచేసింది. కానీ ఇదంతా డాక్టర్ల పర్యవేక్షణలో, తరచూ పీసీఆర్ టెస్టులు చేస్తూ జరిగింది. సొంతంగా ఆపడానికి, దీనికి పోలికే లేదు.

లక్షా 20 వేల నుంచి.. హైదరాబాద్ మాత్ర దాకా

మందు ఉంటే సరిపోదు, కొనగలగాలి. మన దేశంలో గ్లీవెక్ ఖర్చు నెలకు దాదాపు లక్షా 20 వేల రూపాయలు ఉండేది. అదే మందును మన కంపెనీలు 8 నుంచి 10 వేలకు ఇచ్చేవి. అందులో హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా ఒకటి. వీనాట్ పేరుతో 2003లోనే తీసుకొచ్చింది.

నోవార్టిస్ 1998లో చెన్నై పేటెంట్ ఆఫీసులో దరఖాస్తు పెట్టింది. ఏం అడిగింది? ఇమాటినిబ్ అణువు మీద కాదు. అది అప్పటికే తెలిసిన అణువు. దాని లవణమైన ఇమాటినిబ్ మెసిలేట్‌లో 'బీటా' అనే ఒక స్ఫటిక రూపం మీద పేటెంట్ అడిగింది. పటికబెల్లం, పంచదార రెండూ చక్కెరే అయినా రూపం వేరైనట్టు, ఒకే మందు పొడిగా మారేటప్పుడు అణువులు వేర్వేరు వరసల్లో పేరుకోవచ్చు. ఈ రూపం ఎక్కువ నిలకడగా ఉంటుందని, మామూలు ఇమాటినిబ్‌తో పోలిస్తే 30 శాతం ఎక్కువగా రక్తంలోకి చేరుతుందని కంపెనీ వాదించింది.

మన పేటెంట్ చట్టంలో సెక్షన్ 3(డీ) ఉంది. తెలిసిన పదార్థానికే కొత్త రూపం ఇస్తే పేటెంట్ రాదు, దాని సామర్థ్యం బాగా పెరిగిందని చూపిస్తే తప్ప. క్యాన్సర్ రోగుల సంఘంతో పాటు నాట్కో, హెటెరో, సిప్లా, ర్యాన్‌బాక్సీ ఈ దరఖాస్తును వ్యతిరేకించాయి. 2006లో చెన్నై ఆఫీసు తిరస్కరించింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2013 ఏప్రిల్ 1న తీర్పు వచ్చింది. మందు విషయంలో సామర్థ్యం అంటే జబ్బును నయం చేసే సామర్థ్యమేనని, రక్తంలోకి ఎక్కువ చేరుతుందని చెప్పినంత మాత్రాన చాలదని కోర్టు తేల్చింది. పేటెంట్ రాలేదు. జనరిక్ మాత్రలు కొనసాగాయి.

తాము వేలాది మంది భారతీయ రోగులకు గ్లీవెక్ ఉచితంగానే ఇస్తున్నామని, పేటెంట్ లేకపోతే కొత్త పరిశోధనలకు దెబ్బ అని కంపెనీ చెప్పింది. ఉచిత సాయం కంపెనీ ఇష్టం మీద ఆధారపడుతుంది, తక్కువ ధర అయితే అందరికీ అందుతుంది అన్నది అవతలి పక్షం మాట. ఈ చర్చ కొత్త మందు వచ్చిన ప్రతిసారీ మళ్లీ మొదలవుతూనే ఉంది. ఇమాటినిబ్ మాత్రం 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో చేరింది.

ఇవి గుర్తుపెట్టుకోండి

- ఇమాటినిబ్ అన్ని బ్లడ్ క్యాన్సర్లకూ పనిచేయదు. సీఎంఎల్‌తో పాటు ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ ఉన్న ఒక రకం లుకేమియాకు, జీర్ణవ్యవస్థలో వచ్చే జిస్ట్ అనే కణితికి, ఇంకొన్ని అరుదైన జబ్బులకు మాత్రమే వాడతారు.
- మాత్రను భోజనంతో, పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకోవాలి. ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం ఎక్కువవుతుంది.
- కళ్ల చుట్టూ వాపు, కండరాలు పట్టేయడం, వికారం మామూలుగా కనిపించే సైడ్ ఎఫెక్ట్స్. ఇబ్బందిగా ఉంటే డాక్టర్‌కు చెప్పండి, మాత్ర మానేయొద్దు.
- వేరే మందులు, నాటు మందులు, మూలికలు ఏవి వాడుతున్నా డాక్టర్‌కు ముందే చెప్పాలి. కొన్నిటి వల్ల రక్తంలో ఇమాటినిబ్ మోతాదు పెరగొచ్చు, తగ్గొచ్చు.
- గర్భం ధరించాలనుకునే మహిళలు ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. ఈ మందు కడుపులోని బిడ్డకు హాని చేయొచ్చు.
- బీసీఆర్-ఏబీఎల్ పీసీఆర్ టెస్ట్ డాక్టర్ చెప్పిన టైమ్‌కు తప్పకుండా చేయించుకోవాలి. మందు పట్టు తప్పుతుంటే ముందుగా తెలిసేది దాంట్లోనే.
- చేతిలో ఇంకో వారానికి సరిపడా మాత్రలు ఉండగానే తర్వాతి నెలవి తెచ్చిపెట్టుకోండి.

ఇమాటినిబ్ చూపించిన దారిలోనే ఊపిరితిత్తులు, రొమ్ము, కిడ్నీ క్యాన్సర్లకు, కీళ్లవాతానికి కూడా కైనేజ్ మందులు వచ్చాయి. అమెరికాలో అనుమతి పొందినవే 80కి పైగా ఉన్నాయి. వాటి వెనక ఉన్నది ఎక్కడ ఏ గ్రూప్ పెడితే అణువు గుంతలో సరిగ్గా కూర్చుంటుందని ఏళ్ల తరబడి వెతికిన ఓపిక. ఆ కష్టం ఫలించాలంటే చివరి పని మాత్రం ఇంట్లోనే జరగాలి. మీ ఇంట్లో ఎవరైనా ఈ మాత్ర వాడుతుంటే, ఈ రోజు వేసుకున్నారో లేదో ఒకసారి అడగండి.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మందు మొదలుపెట్టాలన్నా, మార్చాలన్నా, ఆపాలన్నా డాక్టర్ సలహా తప్పనిసరి.